పోలయ్య కట్టేసిన పొట్టేలు

ఈ మధ్య ప్లీడరీ పరీక్ష గట్టెక్కి ఆత్మకూరులో కొత్తగా బల్ల వేసుకున్న కుర్రవాళ్లు ఇద్దరు సాయంకాలం పూట మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటారు. కేసు గెలవడం ఎట్లాగో చెప్పమంటారు. నాలుగేళ్లు కచేరీ దుమ్ము తింటే అదే వస్తుంది, దానికి నేనెందుకు అంటాను. శిక్ష పడ్డవాడి సంగతి అడగండి, చెబుతాను అంటాను. ఇంతవరకూ వాళ్లు అడగలేదు. అందుకే అడక్కుండానే రాస్తున్నాను.

మన వృత్తిలో ఒక చెడ్డ అలవాటు ఉంది. మేజిస్ట్రేటు శిక్ష చదివి కలం కింద పెట్టగానే కేసు అయిపోయిందనుకుంటాం. కాగితాలు కట్టగట్టి అటకెక్కిస్తాం. ఆ మనిషి జైల్లో ఉంటాడు, వాడి పెళ్లాం ఊళ్లో ఉంటుంది, వాళ్లకు మాత్రం కేసు ఆ రోజే మొదలవుతుంది. నాకు కోపం ఎక్కువని ఆత్మకూరంతా అంటుంది. అంటే అన్నారు. ఇటువంటి చోట కోపం రానివాడు ఈ పనిలోకి రాకపోవడమే మేలు.

మా గురువుగారు

నేను కృష్ణయ్య పంతులు గారి దగ్గర పని నేర్చుకున్నాను. నస్యం డబ్బా, మాసిన తలపాగా, పెద్ద గొంతు. ఆయనకు ఒక నియమం ఉండేది. కేసు కట్ట చేతికి రాగానే తీర్పు తీసి పక్కన పెట్టేవారు.

"తీర్పు ముందు చదివితే నీ బుర్ర కాస్తా మేజిస్ట్రేటు బుర్ర అయిపోతుందిరా. సాక్షులు ఏమన్నారో చదువు. చదివి నీ మటుకు నువ్వు ఒక తీర్పు చెప్పుకో. ఆ తర్వాత ఆయనది చూద్దువు గాని" అనేవారు.

నేను ఈ వృత్తిలో నేర్చుకున్న వాటిలో సగం ఈ ఒక్క మాటలోనే ఉంది. ఆయనలో లోపం కూడా ఉంది, దాచడమెందుకు. మనిషి ఎట్లాగో ఒకట్లా ఇంటికి చేరితే చాలుననుకునే రకం. నిజం తేలిందా లేదా అన్నది ఆయనకు తర్వాతి మాట. ఆ రోజుల్లో నాకు అది పిరికితనంగా తోచేది. కరువు చూసినవాడి తెలివి అని ఇప్పుడు తోస్తుంది. ఆ రెండింటిలో ఏది సరో నేను ఈనాటికీ తేల్చుకోలేదు.

ఉదయగిరి కింద

అది ధాత నామ సంవత్సరపు కరువు. వానలు మొహం చాటేశాయి. ఉదయగిరి దుర్గం కింది పల్లెల్లో జనం నాగజెముడు కాయలు ముళ్లు గీకి తిన్నారు. కలిగిరి దారిలో గంజి పోసే చోట పొద్దుటి నుంచీ బారులు. దొంగతనాలు పెరిగాయి. కూడు లేనివాడు దొంగిలిస్తాడు, అందులో వింతేమీ లేదు. పైనుంచి తాకీదులు వచ్చాయి, దొంగల్ని పట్టండి, గట్టి శిక్షలు వేయండి అని. పోలీసులు పట్టారు, మేజిస్ట్రేట్లు వేశారు. అందరూ తమ తమ పని చేశారు.

పోలయ్య దుర్గం కింద పల్లెలో గొర్రెల కాపరి. పొడుగాటి మనిషి, మాట తక్కువ. తన గొర్రెలతో పాటు నలుగురివీ కలిపి మేపేవాడు. అందులో ఉదయగిరి ఖాదర్ సాహెబుగారివి కూడా ఉండేవి. ఆయన జీవాల వ్యాపారి. ఆయనకొక ఎర్ర పొట్టేలు ఉండేది. ముద్దుగా పెంచుకుని దాని మెడకు ఇత్తడి గంట కట్టాడు. ఒక రాత్రి, మంద పోలయ్య కాపలాలో ఉండగా, ఆ పొట్టేలు మాయమైంది.

ఇక్కడ మీకు ఒక కట్టుబాటు చెప్పాలి. ఆ కాపరుల్లో, పదిమంది జీవాలు కలిసిన మందలో ఒకటి పోతే, ఎవడు తీశాడని అడగరు. పులి తిన్నా సరే, దొంగ తోలుకుపోయినా సరే, పాము కరిచినా సరే. ఆ పూట కాపలా ఎవరిదో వాడు తెల్లవారగానే తన జీవాల్లో మేలైనదాన్ని తీసుకుపోయి పోగొట్టుకున్నవాడి దొడ్డిలో కట్టేసి వస్తాడు. మారుమాట ఉండదు. అవతలివాడు నీళ్లిస్తే తాగి వస్తాడు. అంతటితో సరి.

పోలయ్య అట్లాగే తన నల్ల పొట్టేలును తీసుకుపోయి ఖాదర్ సాహెబు దొడ్డిలో కట్టాడు. ఆయన మజ్జిగ ఇచ్చాడు. ఇద్దరూ కాసేపు వాన సంగతి మాట్లాడుకున్నారు.

కొత్తగా వచ్చిన ఒక హెడ్డు కానిస్టేబులు ఆ దారిన పోతూ దొడ్డిలో కొత్త పొట్టేలును చూశాడు. ఎక్కడిదని అడిగాడు. ఖాదర్ సాహెబు దాచకుండా చెప్పాడు. దాచడానికి ఏముందని? సాయంత్రానికి పోలయ్య చేతులకు తాడు పడింది. నేను ఫిర్యాదు ఇవ్వలేదని ఖాదర్ సాహెబు మొత్తుకున్నాడు. ఇవ్వకపోతే దొంగ దగ్గర బదులు పుచ్చుకుని నేరం దాచినందుకు నీ మీదా పెడతానన్నాడు హెడ్డు.

ఆత్మకూరు కచేరీలో విచారణ ఒక్క పూటలో అయిపోయింది. పోలయ్యకు వకీలు లేడు. మేజిస్ట్రేటు ఎక్కడో దక్షిణాన పుట్టి పెరిగినవాడు. లంచం ముట్టని మనిషి, పొద్దున్నే పూజ చేసుకుని గానీ కచేరీకి రాడు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: దొంగిలించనివాడివి నీ పొట్టేలు ఎందుకు తెచ్చి కట్టావు? పోలయ్య, "కాపలా నాది దొరా" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటని ఆయన అడగలేదు. పోయిన సొత్తుకు బదులు ఇచ్చుకోవడం నేరం ఒప్పుకోవడమే అని రాసి రెండేళ్లు కఠిన శిక్ష వేశాడు.

నేను చూసిన తప్పుడు శిక్షల్లో చాలామటుకు దుర్మార్గులు వేసినవి కావు. మంచివాళ్లు, పనిమంతులు, తమకు తెలియనిది ఒకటి ఉండవచ్చునని అనుకోని వాళ్లు వేసినవి. దుర్మార్గుడి మీద అప్పీలు తేలిక. మంచివాడి తీర్పును కదిలించడమే ప్రాణం మీదికి వస్తుంది.

గంట

మరుసటి ఏడు, ఈశ్వర సంవత్సరంలో, వానలు కురిశాయి. గడ్డి మొలిచింది. ఒకనాడు ఖాదర్ సాహెబు బండి కట్టించుకుని ఆత్మకూరు వచ్చాడు. గురువుగారు ఊళ్లో లేరు. నన్ను చూసి, ఇంత చిన్నవాడా అన్నట్టు కాసేపు తటపటాయించి, తువ్వాలు మూట విప్పాడు. అందులో ఇత్తడి గంట, ఒక మెలి తిరిగిన కొమ్ము ఉన్నాయి.

"నా పొట్టేలుదే వకీలు సాబ్. దుర్గం మీద కట్టెలు కొట్టేవాళ్లకు పులి గుహ కాడ దొరికినాయి. పక్కనే ఎముకలు కూడా ఉన్నాయంట. చిరుతపులి ఎత్తుకపోయినాది. పోలయ్య తీయలా."

"తీయలేదని మీకు ఇప్పుడే తెలిసిందా?" అన్నాను కొంచెం కటువుగా.

"అప్పుడే తెలుసు నాయనా. చెప్పేదానికి పోతే నోరు మూసినారు. ఇప్పుడు చేతిలో గంట ఉండాది. గంటను నోరు మూయమనలేరు గదా." కళ్లు తుడుచుకున్నాడు. "ఆ పిల్ల మంగమ్మ మొహం చూడలేకపోతా ఉండాను. నీళ్లబాయి కాడ కనపడితే దోవ మార్చుకుంటా ఉండాను."

మంగమ్మ పోలయ్య పెళ్లాం. మొగుణ్ణి జైలుకు తోలుకుపోయేటప్పటికి ఆమె కడుపుతో ఉంది. బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. ఊళ్లోవాళ్లు మందలోంచి తమ జీవాల్ని విడదీసుకుపోయారు. దొంగ ఇంటికి జీవాన్ని ఎవరిస్తారు? ఉన్న కొద్దిపాటి సొంత గొర్రెలకు ఆమె కరువంతా తుమ్మ కొమ్మలు కొట్టి వేసింది. సగం పోయాయి, సగం నిలిచాయి.

రెండు దారులు

గురువుగారు వచ్చాక కట్ట ముందర పెట్టాను. తీర్పు పక్కన పెట్టి సాక్షుల మాటలు చదివారు. చదివి చాలాసేపు నస్యం కూడా పీల్చలేదు.

"అప్పీలు గడువు ఎప్పుడో దాటింది. ఇంక రెండు దారులు. గవర్నరు గారికి క్షమాభిక్ష అర్జీ ఒకటి. జైళ్లు కిటకిటలాడుతున్నాయి, కలెక్టరు మంచి మాట రాస్తాడు, వాడు త్వరలో ఇంట్లో ఉంటాడు. రెండోది, రికార్డు తెప్పించి చూడమని నెల్లూరు జడ్జీని అడగడం. ఆయనకు తప్పు కనబడితే మద్రాసు హైకోర్టుకు రాస్తాడు. ఎన్నాళ్లు పడుతుందో దేవుడికి తెలియాలి. ఈలోగా జైల్లో వాంతిభేది వస్తే ఆ నిర్దోషి తీర్పును ఎవరికి చదివి వినిపిస్తావు? అర్జీ రాయి."

రాశాను. రెండు దారుల సంగతీ మంగమ్మకు చెప్పి, ఆమెను, బిడ్డను బండిలో ఎక్కించుకుని నెల్లూరు జైలుకు వెళ్లాను. దారి పొడుగునా ఆమె నాతో మాట్లాడలేదు. బిడ్డతోనే మాట్లాడింది. "మీ నాయన్ను చూస్తావా? గడ్డం పెంచుకుని ఉంటాడు, జడుసుకోబాక" అని.

పోలయ్య గానుగ తిప్పి తిప్పి సగమయ్యాడు. కటకటాల అవతల నిలబడి, ముందు బిడ్డ మొహం చూశాడు. వేలు చాపాడు. ఆ పిల్ల వేలు పట్టుకోకుండా తల్లి భుజం మీద మొహం దాచుకుంది. "ముక్కు మా అవ్వదే" అన్నాడు.

నేను అర్జీ చదివి వినిపించాను. చేసిన నేరాన్ని ప్రభువులు దయతో మన్నించి, అనే దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

"ఏ నేరమయ్యా?"

"అది రాసే పద్ధతి పోలయ్యా. అందరికీ అట్లాగే రాస్తారు."

"మీ పద్ధతి మీది సామీ. ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు? పోలయ్య ఒప్పుకోని బయటికొచ్చినాడంట అంటారు. ఇంక నా చేతికి గొర్రెను ఎవురిస్తారు? నేను నిశానీ పెట్టను."

మంగమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఆ పేరు గంజిలో కలిపి పోయమంటావా బిడ్డకు? కొమ్మలు కొట్టి కొట్టి నా చేతులు ఆడటంలా. మందలో సగం పోయినాది. సందకాడ గొర్రెలు దొడ్డికొస్తే, వాటెనకాల నువ్వొస్తావేమోనని చూస్తా ఉండాను, సిగ్గులేక. పెట్టమంటే పెట్టు."

ఆమె ఏడవలేదు. పోలయ్య తల వంచుకున్నాడు.

"సరేలేమే. నువ్వు పెట్టమంటే పెడతాలే. ఏదయ్యా, ఆ కాగితం ఇట్టియ్యండి."

నేను కలం సిరాలో ముంచి అందించబోయాను. మంగమ్మ నా ముంజేతిని పట్టుకుంది. పరాయి మగవాణ్ణి ముట్టుకున్నానన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

"వొద్దయ్యా. నాకోసరం ఒప్పుకుంటా ఉండాడు. ఈ మనిషి చెయ్యనిదాన్ని చేసినానని ఒప్పుకోని ఇంటికొస్తే, వచ్చేది ఈ మనిషి కాదు. ఇంకో దోవ ఉండాదన్నారే, ఆ దోవన పోండి. ఎంత కాలమైతే అంత కాలం, నేను కాసుకుంటాలే."

పోలయ్య మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూశాను. నాకు ఆ వేళ పెళ్లై ఎంతో కాలం కాలేదు. మొగుడూ పెళ్లాల మధ్య ఇంత ప్రేమ ఉంటుందని నాకు తెలిసింది ఆ జైలు కటకటాల దగ్గరే. ఆ మాట మా ఇంటావిడకు కూడా చెప్పాను, బాగానే తిట్టింది.

జడ్జీ దొర గదిలో

నెల్లూరు జడ్జీ దొర ముసలివాడు, తెలుగు వచ్చినవాడు. గ్రంథాల్లోని తెలుగు మాట్లాడేవాడు. రికార్డు తెప్పించి చదివి, గంట తెచ్చిన సాహెబును గదిలోకి పిలిపించమన్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

"అతడు మేషమును తెచ్చి నీ దొడ్డియందు బంధించినప్పుడు, అతడే చోరుడని నీవు తలంచితివా?" అని అడిగాడు.

ఖాదర్ సాహెబు నావైపు చూశాడు. "దొంగ అనుకున్నావా అని అడుగుతున్నారు" అన్నాను.

"దొంగైతే కట్టడు దొరా. దొంగ తిని మూతి తుడుచుకుంటాడు. తెచ్చి కట్టినాడంటేనే మావోళ్లకు తెలుస్తాది, ఈడు దొంగ కాదని."

దొర రాయడం ఆపేశాడు. మేజిస్ట్రేటు ఏ పని చూసి దొంగ అన్నాడో, అదే పని చూసి ఊరంతా దొర అంటున్నది. మేమందరం చట్టం చదివినవాళ్లం, ఈ ఒక్క ప్రశ్న అడగడానికి అంతకాలం పట్టింది.

మద్రాసుకు రాస్తానని దొర చెప్పాడు. నేను సెలవు తీసుకుంటుంటే ఆపి, ఇంగ్లీషులో ఒక మాట అన్నాడు. మా దేశంలో అయితే ఇటువంటి వాడికి అప్పీలే లేదు, జ్యూరీ శిక్ష వేశాక రాణిగారి క్షమాపణ ఒక్కటే గతి, చేయనిదానికి క్షమాపణ పుచ్చుకుని ఇంటికి పోవలసిందే అన్నాడు. కిటికీలోంచి చూస్తూ అన్నాడు. ఆయన కూడా ఎవరినో తలుచుకుంటున్నాడని నాకు తోచింది. అడిగే ధైర్యం చాలలేదు.

ఈ మధ్య అక్కడ కూడా అప్పీలు కోర్టు పెట్టారని పత్రికలో చదివాను. ఇంకేవో దేశాల్లో అన్యాయంగా జైలుపాలైన వాడికి సర్కారు ఖజానా నుంచే పరిహారం ఇచ్చే చట్టాలు వచ్చాయట. తీర్పు తప్పని తేలితే ఆ సంగతి అందరికీ తెలిసేట్టు గోడలకు అంటిస్తారట. ఇక్కడ మనకు అవేవీ లేవు. మీ కాలానికి వస్తాయేమో. వాటంతట అవి రావు, ఎవరో ఒకరు అడగాలి.

మద్రాసు నుంచి ఆర్డరు వచ్చేటప్పటికి ఎండలు ముదిరాయి. శిక్ష కొట్టివేశారు. పోలయ్య నిర్దోషి. దక్షిణాది మేజిస్ట్రేటుకు అప్పటికే బదిలీ అయింది. ఆయనకు నకలు పంపారని విన్నాను. చదివి ఏమనుకున్నాడో తెలియదు. చదివాడనే నా నమ్మకం, చెప్పాను కదా, మంచివాడు.

అరుగు మీద

విడుదలైన పోలయ్యను తీసుకుని అందరం ఆత్మకూరు వచ్చాం. ఖాదర్ సాహెబు ముందే వచ్చి మా అరుగు మీద కాచుకుని ఉన్నాడు. నల్ల పొట్టేలును కూడా తోలుకొచ్చాడు. కరువంతా దాన్ని తన బిడ్డలాగా సాకాడు.

"నాది పులి తినింది, నీ తప్పేముండాది? తోలుకుపో పోలయ్యా" అన్నాడు.

పోలయ్య పొట్టేలు వీపు నిమిరాడు. అది ఆయన చెయ్యి వాసన చూసి తల రుద్దింది. పలుపు పట్టుకుని సాహెబు చేతిలోనే పెట్టాడు.

"దొంగను కానని పెద్ద దొరలు రాసినారు, చాలు. కాపలా మాత్రం నాదే గదా సాబూ. అది మీదే."

సాహెబు పోలయ్య నెత్తిన చెయ్యి వేసి, మళ్లీ నా జీవాలు నీ మందలోనే కలుపుతా, రేపే తోలుతా అన్నాడు. పోలయ్య అన్నాళ్లూ జైల్లో కూర్చున్నది ఆ మాట కోసమే. ఆ మాట వినగానే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడ్డాడు.

నాకు గర్వంగా ఉంది. నా మొదటి పెద్ద కేసు. గురువుగారు కూడా లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడు మంగమ్మ, బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని నన్ను అడిగింది.

"అయ్యా, మా ఆయన్ను ఇన్నాళ్లూ కచేరీవాళ్ల కాపలాలోనే గదా పెట్టినారు?"

"అవునమ్మా."

"ఈ బిడ్డ బోర్లాపడింది, పాకింది, నిలబడింది. ఆయన ఏదీ చూడలా. అంత కాలం పోయినాది. మరి దానికి బదులు ఏ కచేరీలో కడతారు? మేం యాడికి పోవాల?"

ఆమె గొంతులో దెప్పడం లేదు. నిజంగానే దారి అడుగుతోంది. అటువంటి చోటు ఒకటి ఉండి తీరుతుందని, పట్నంలోనో నెల్లూరులోనో ఉండి ఉంటుందని, చదువుకున్నవాణ్ణి గనుక నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. నేను గురువుగారి వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"అటువంటి కచేరీ లేదమ్మా" అన్నాను.

"లేదా?" ఆమెకు అర్థం కాలేదు. "మీలో కట్టుబాటు లేదా అయ్యా?" అని అడిగింది. చాలా మెత్తగా అడిగింది, ఇంట్లో అన్నం లేదన్న పిల్లవాణ్ణి అడిగినట్టు.

నాకు కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకుందామనుకునేలోపే పోలయ్య చూశాడు. లేచి, పెళ్లాం చంకలోని బిడ్డకు చేతులు చాపాడు. ఈసారి ఆ పిల్ల కొంచెం జంకి, వచ్చింది.

"చాల్లేమే, అయ్యను బాధపెట్టబాక. ఆయన మాత్రం ఏం చేస్తాడు, పాపం. పద."